పెద్దదాని పేరు

నరసింగరావు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

తల్లి మొహంలోకి చూసింది సుహాసిని. పద్మకుమారి చూపు దించుకుంది. ఆయన మిలటరీలో చేసి సుబేదారుగా దిగిన మనిషి. కంచంలో మెతుకు వదలడు, ఇంకొకరు వదిలితే ఊరుకోడు. అలాంటివాడు సగం అన్నం మీద నీళ్ళు పోసి లేచిపోయాడు.

"శుక్రవారం వెరిఫికేషన్ నాన్నా," అంది సుహాసిని.

"తెల్సు."

"తెల్సుండి సంతకం పెట్టనంటే నేనేటనుకోవాలి?"

"ఏటైనా అనుకో."

ఆయన వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డు మీద ధాన్యం లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆమదాలవలసలో అది రోజూ ఉండేదే. ఆయన మాత్రం వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

సుహాసిని శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పన్నెండేళ్ళు కాంట్రాక్టు మీద చేసింది. ఇన్నాళ్ళకి పర్మనెంటు చేస్తామన్నారు. వాళ్ళిచ్చిన కాగితాల్లో పుట్టిన ఊరు అన్నచోట తన చేత్తో, కొంచెం గర్వంగానే, 'హా, భూటాన్' అని రాసింది. హా అంటే అక్కడి కొండల్లో ఒక ఊరు. నరసింగరావు అక్కడ మన సైన్యం శిక్షణ బృందంలో ఉండగా, ఆ మిలటరీ ఆసుపత్రిలో పుట్టిన పిల్ల తను. ఊహ తెలిసినప్పట్నుంచి వింటున్న కథ.

ఆ ఒక్క మాటతోనే తంటా వచ్చింది. పరాయి దేశంలో పుట్టారు కాబట్టి అక్కడి మన ఎంబసీ ఇచ్చిన జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. ఎంబసీకి రాస్తే పాత రికార్డు వెతికి ఇస్తామనే అన్నారు. తండ్రి సంతకం చేసిన దరఖాస్తు కావాలి, పుట్టినప్పుడు అక్కడున్నవాళ్ళెవరిదైనా వాంగ్మూలం కావాలి. శుక్రవారానికి కనీసం దరఖాస్తు పంపినట్టు రసీదైనా చూపించాలి.

దరఖాస్తు ఈ ఇంటికొచ్చి రెండు వారాలైంది. నరసింగరావు దాన్ని ముట్టుకోలేదు.

సుహాసిని తండ్రి వెనకే వరండాలోకి వచ్చింది.

"ఒక పని సేద్దాం," అన్నాడు ఆయన, ఇటు తిరక్కుండా. "పుట్టింది ఆమదాలవలసలోనే అని రాయించేద్దాం. భూటాన్ అని పొరపాట్న రాసేనని సెప్పు. నాకు తెల్సినవాడున్నాడు. సర్టిఫికెట్టు పుట్టిస్తాడు."

సుహాసిని ఆయన కుర్చీ ముందుకి వచ్చింది.

"దొంగ సర్టిఫికెట్టా నాన్నా?"

"దొంగదేటి. ఎక్కడ పుడితే ఏటి, నా కూతురివే కదా."

"పంద్రాగస్టుకి స్కూల్లో జెండా ఎగరేసి పిల్లలకి ఏటి సెప్తావు నువ్వు? అబద్ధం ఆడినవాడు సిపాయి కాడని సెప్తావు. ప్రతి ఏడూ అదే మాట. నేనూ ఆ వరసలో నిలబడి విన్నాను."

నరసింగరావు మొహం మెల్లగా ఎర్రబడింది. అది కోపం కాదు. ఆ సంగతి ఆమెకి ఆ క్షణాన తెలియలేదు.

వంటింట్లో కుళాయి నీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. తోముతున్న చప్పుడు లేదు. ఒట్టి నీళ్ళ చప్పుడే.

"సరే," అంది సుహాసిని. "నువ్వు పెట్టకపోతే పోయింది. వాంగ్మూలమైనా తెచ్చుకుంటాను. ఈశ్వరి పిన్ని దగ్గరికి ఎల్తన్నాను."

కుళాయి ఆగింది.

"ఎవరి దగ్గరికి?" పద్మకుమారి గుమ్మంలోకి వచ్చింది. చేతులు తుడుచుకోలేదు.

"ఈశ్వరి పిన్ని. జగన్నాధం బాబాయి భార్య. బొబ్బిలిలో ఉన్నాదట, ఆయన కనుక్కున్నారు." ఆయన అంటే భర్త ధనరాజ్. జగన్నాధం నరసింగరావుతోపాటు భూటాన్‌లో పనిచేసిన సిపాయి. "హా ఊళ్ళో మీ పక్క క్వార్టరే కదమ్మా. నేను పుట్టినప్పుడు నీ దగ్గరున్నది ఆవిడే అని నువ్వే సెప్పేవు."

"జగన్నాధం ఇంటి గడప తొక్కొద్దని నీకు ఎన్నడో సెప్పేను," అన్నాడు నరసింగరావు.

"ఆయన పోయి ఎన్నాళ్ళో అయింది నాన్నా. పోయిన మనిషితో ఏటి పంతం?"

ఆయన రోడ్డు వైపు తిరిగిపోయాడు.

"ఎల్లకే సుహా," అంది పద్మకుమారి.

"ఎందుకెల్లకూడదు? ఒక్క కారణం సెప్పు."

పద్మకుమారి భర్త వైపు చూసింది. ఆయన లారీల వైపు చూస్తున్నాడు. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఎండగా ఉన్నాది," అంది.

*

రాజాం మీదుగా బస్సులో బొబ్బిలి చేరేసరికి మధ్యాహ్నం అయింది. వీధి చివర ఎవరో పనసదుంగ తొలుస్తున్నారు. వీణ కుండ కోసం కాబోలు. ఉలి దెబ్బ, మధ్యలో కొంచెం ఆగడం, మళ్ళీ దెబ్బ. ఆ చప్పుడు పట్టుకుని వెళ్తే దాని పక్క ఇల్లే ఈశ్వరిది.

ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మందపాటి కళ్ళద్దాలు. చెవుల దగ్గర జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఎవరు తల్లీ?"

"నేను పిన్నీ, సుహాసినిని. ఆమదాలవలస. సుబేదారు నరసింగరావు గారి అమ్మాయిని."

ఈశ్వరి చేతులు చింతపండులోనే ఆగిపోయాయి.

"పద్మ కూతురివా?" అంది. లేచి దగ్గరికొచ్చి, గింజల జిగురంటిన చేతుల్ని వెనక్కి పెట్టుకుని, మొహంలో మొహం పెట్టి చూసింది. "మూతి అచ్చం పద్మదే. రా, లోపలికి రా. ఎండలో పడొచ్చేవు."

మంచినీళ్ళిచ్చింది. అన్నం తినాలంది. వద్దన్నా వినకుండా పొయ్యి మీద చారు పెట్టింది. సుహాసిని వచ్చిన పని చెబుతూ ఉంటే ఆవిడ ఇటు తిరక్కుండానే విన్నది.

"మీ అమ్మ పంపిందేటి?"

"లేదు పిన్నీ. వద్దంది."

"మీ నాన్న?"

"ఆయనైతే అసలే వద్దన్నాడు. బాబాయికీ ఆయనకీ ఏవో పాత గొడవలంట కదా."

"గొడవలని సెప్పేడా," అంది ఈశ్వరి. "పోనీలే. ఏదో ఒకటి సెప్పాలి కదా," అంది.

సుహాసిని వాంగ్మూలం కాగితం తీసి ముందు పెట్టింది. "ఏం లేదు పిన్నీ, ఫలానా పిల్ల ఫలానా చోట పుట్టినప్పుడు నేనక్కడున్నాను అని. అంతే. మీరు సంతకం పెడితే సాలు."

ఈశ్వరి ఆ కాగితాన్ని చూసింది గాని చెయ్యి చాపలేదు.

ఆవిడకి నమ్మకం కలగలేదేమో అనుకుంది సుహాసిని. ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. వాళ్ళింట్లో ముందు గదిలో గోడకి ఉండే ఫొటో. వెనక దేవదారు చెట్లు, వాటి మీద మంచు. పెద్ద కోటు వేసుకున్న ఒక పడుచు ఒడిలో ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న పసిపాప. పక్కన పద్మకుమారి, చలికి ముడుచుకుని నవ్వుతూ.

"ఇది మీరే కదా పిన్నీ. మీ ఒళ్ళో నేను."

ఈశ్వరి ఫోను రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళద్దాలు పైకి తోసి, మళ్ళీ దించి, చాలాసేపు చూసింది. బయట ఉలి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఈ టోపీ నేనే అల్లేను," అంది. తర్వాత, "ఈ పాప నువ్వు కాదమ్మా," అంది.

"మీకు సరిగ్గా ఆనడం లేదేమో."

"ఆనతాది."

"మరి ఎవరు పిన్నీ? మీ పాపా?"

ఈశ్వరి ఫోను తిరిగి ఇచ్చేసింది. చారు పొంగి పొయ్యి మీద పడింది. దాన్ని దించి, గుడ్డతో తుడిచి, అప్పుడు కూర్చుంది.

"నువ్వు అన్నం తిని ఇంటికెల్లు. ఎల్లి మీ అమ్మనడుగు. నా నోట్నుంచి రాకూడదు. ఒట్టేసేను."

"ఎవరికి?"

"మా ఆయనకి. ఆయన మీ నాన్నకేసేడు."

"బాబాయి లేరు కదా పిన్నీ ఇప్పుడు. నా ఉజ్జోగం పోతాది. రెండు వారాల్నుంచి ఇంట్లో అందరూ నన్ను సూసి మొకం తిప్పుకుంటన్నారు. నేనేం తప్పు సేసేనో నాకైనా తెలియాలి కదా."

"నువ్వేం సేసేవే పిచ్చితల్లీ," అంది ఈశ్వరి. "సేసింది మేం. నేను సేసిన పాపం నాది నేను సెప్తాను, దానికి ఒట్టు లేదు. విను. మేం సెలవుకొచ్చినప్పుడు మీ ఊరెల్లేం. మీ నాయనమ్మ తవిటమ్మగారు అప్పటికి బతికున్నాది. గుమ్మంలోంచే అడిగింది, పిల్లెలా ఉన్నాదని. బాగున్నాదని సెప్పేను. నవ్వుతందా అంది. నవ్వుతందన్నాను. నిన్న కాక మొన్న సూసొచ్చినట్టు సెప్పేను. ఆవిడ లోపలికెల్లి వెండి మొలతాడు తెచ్చి నా సేతిలో పెట్టింది. పట్టుకెల్లి నా మనవరాలికి కట్టమంది. నేను తీసుకున్నాను. అప్పటికి పిల్ల లేదమ్మా."

"ఏ పిల్ల పిన్నీ?"

ఈశ్వరి తల వంచుకుంది.

"సుహాసిని," అంది.

*

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నరసింగరావు పొద్దున్న కూర్చున్న కుర్చీలోనే ఉన్నాడు. కూతురి మొహం చూడగానే లేచి నిలబడ్డాడు, పై అధికారి వచ్చినట్టు.

సుహాసిని ముందు గదిలోకి వెళ్ళి గోడకున్న ఫొటో దించి, తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదెవరమ్మా?"

పద్మకుమారి కింద కూర్చుండిపోయింది. గోడకి చేరబడి.

"ఈశ్వరి సెప్పేసిందా," అన్నాడు నరసింగరావు.

"ఆవిడ సెప్పలేదు. బాబాయికి ఒట్టేసిందట. నువ్వు సెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు అక్కడి పరిస్థితులు..." అని మొదలెట్టాడు.

"మీరుండండి," అంది పద్మకుమారి. "పరిస్థితులేటి. నేను సెప్తాను."

ఆ ఇంట్లో ఆమె ఆయన్ని అలా ఆపడం కూతురు ఎరగదు.

"అది మీ అక్క," అంది పద్మకుమారి. "ఆగస్టు పన్నెండున, హా ఊళ్ళో, మిలటరీ ఆసుపత్రిలో పుట్టింది. మంచిగా ఎదిగింది. సలికాలంలో జలుబు సేసి ఛాతీలోకి దిగింది. డాక్టరుగారు కుర్రోడు, మంచోడు. కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచండి, ఇప్పుడు కిందకి దింపొద్దు అన్నాడు. అప్పుడే మీ నాన్నకి సెలవు దొరికింది. శ్రీకూర్మంలో అన్నప్రాసన అని ఊర్లో అందరికీ ఉత్తరాలు రాసేసేరు. మీ నాయనమ్మ కూడా సలిలో పిల్లని తిప్పొద్దురా అని రాసింది. ఈయన వినలేదు. సిపాయి కూతురు, ఈ పాటి సలికి ఏటవుతాది అన్నారు. పూచీ నాదే అని డాక్టరు దగ్గర సంతకం పెట్టి తీసుకొచ్చేసేరు."

నరసింగరావు నిలబడే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాడు.

"దారిలో కొండ విరిగి పడింది. లారీ ఆగిపోయింది. ముందుకి లేదు, యెనక్కి లేదు. ఈశ్వరీ వాళ్ళు మాతోటే ఉన్నారు. పిల్ల ఎగపోస్తంది. నేను కోటు లోపల పెట్టుకుని కూసున్నాను. ఒకపాటికి ఆయాసం తగ్గింది. నిద్రపోయిందనుకున్నాను. ఈశ్వరే ముందు సూసింది."

రోడ్డు మీద ఎవరో లారీని వెనక్కి రమ్మని అరుస్తున్నారు.

"మీ నాన్నా, జగన్నాధమూ తీసుకెల్లేరు. నది ఒడ్డున రాళ్ళ కింద పెట్టి వచ్చేరు. నన్ను రానివ్వలేదు."

"మరి ఇంట్లో ఎందుకు సెప్పలేదు?" అంది సుహాసిని. తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఆసుపత్రిలో పేషెంటు బంధువుల్ని వివరాలు అడిగే గొంతు అది.

ఈసారి నరసింగరావు చెప్పాడు. "అమ్మ వద్దంది. డాక్టరు వద్దన్నాడు. నేనే తెచ్చేను. ఏ మొకం పెట్టుకుని సెప్పను? సరిహద్దు దాటి మన దేశం వైపు జైగావ్‌లో ఒక గది తీసుకున్నాం. మీ అమ్మ మళ్ళీ కొండ పైకి రానంది, ఊరికీ రానంది. నేను డ్యూటీకి ఎల్లిపోయాను. పై ఆఫీసర్లకి పెళ్ళాం పిల్లా ఊర్లో ఉన్నారని సెప్పేను. ఊర్లోవాళ్ళకి సెలవు రద్దయింది, నా దగ్గరే ఉన్నారని రాసేను."

"రెండు అబద్ధాల మధ్యన నేనొక్కదాన్నీ ఆ గదిలో ఉన్నాను," అంది పద్మకుమారి. మాటలో నిష్ఠూరం లేదు. ఎప్పుడో ఆరిపోయినట్టుంది. "తర్వాత నువ్వు కడుపున పడ్డావు. ఆ గదిలోనే పుట్టేవు. నువ్వు భూటాన్‌లో పుట్టలేదు సుహా."

సుహాసిని బల్ల మీది ఫొటో వైపు చూసింది. పదో క్లాసులో వ్యాసం రాసింది, మంచు దేశంలో పుట్టానని. ఆసుపత్రిలో తోటి నర్సులు భూటాన్ సిస్టర్ అని పిలుస్తారు. ఈ ఫొటో కొడుక్కి చూపించి, ఇదిగోరా అమ్మ, అమ్మ చిన్నప్పుడు ఇలా ఉండేది అని చెప్పింది. వాడు దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, ఎవరి వస్తువో తీసి వాడుకుంటూ నలుగురిలో పట్టుబడినట్టు చెవులు వేడెక్కాయి.

స్కూల్లో ఎప్పుడూ వరసలో తనే అందరికన్నా పొట్టి. ఊరంతా అనేవారు, చలిదేశం పిల్ల, ఎదగలేదు అని. ఎదగకపోవడం కాదు. ఆ వయసే తనది కాదు.

"ఆ పేరు నాకెవరు పెట్టేరు?"

"నేనే," అన్నాడు నరసింగరావు గబుక్కున.

"కాదు," అంది పద్మకుమారి. "అన్నీ మీ నెత్తినేసుకోకండి. నేను పిలిచేను. మంత్రసాని ఒళ్ళో పెట్టగానే ఆ పేరే నోట్లోకొచ్చింది. అదే తిరిగొచ్చిందనుకున్నాను. తర్వాత మార్చుదామంటే అప్పటికే ఆ పేరు అన్నిచోట్లా ఉన్నాది. ఈయన సర్వీసు పుస్తకంలో ఉన్నాది, ఊర్లో అందరి నోళ్ళలో ఉన్నాది. ఇంకో పేరు సెప్తే ఆ పిల్ల ఏదీ అంటారు."

చీకటి పడుతోంది. ఎవరూ లైటు వేయలేదు.

"దరఖాస్తు తే," అన్నాడు నరసింగరావు ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"సంతకం పెడతాను. ఆ ఆసుపత్రి రికార్డులో సుహాసిని ఉంటాది. తండ్రిని నేను, తల్లి మీ అమ్మ. తేదీ నీ పదో క్లాసు సర్టిఫికెట్టులో ఉన్నదే. అన్నీ సరిపోతాయి. ఎవడూ వేలెత్తి సూపించలేడు."

"అన్నీ సరిపోతాయని తెల్సి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు?"

ఆయన కుర్చీ చేతిని పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"సెయ్యి రాలేదమ్మా," అన్నాడు. "దాన్ని బతికున్నాదని రాయడానికి సెయ్యి రాలేదు."

బయట బండి ఆగింది. ధనరాజ్ లోపలికి వచ్చాడు. చీకట్లో ముగ్గురూ అలా ఉండటం చూసి తనే లైటు వేశాడు. తల్లీకూతుళ్ళ కళ్ళు చూసి, మామగారి మొహం చూసి, ఇంకా ఆ సంతకం గొడవే అనుకున్నాడు.

"ఇంకా అవ్వలేదా మావయ్యా? మీరు పెడితే రేపు పొద్దున్నే నేను పంపేస్తాను. తన జీవితం కదా ఇది. ఒక్క సంతకం."

నరసింగరావు తల తిప్పుకున్నాడు. అల్లుడి ముందు ఆయన ఎప్పుడూ తల తిప్పుకోలేదు. సుహాసిని ఏదో చెప్పి అతన్ని బయటికి తీసుకుపోదామని లేచింది. ఈ సిగ్గు ఈ ముగ్గురి మధ్యనే ఉంటే చాలు అనిపించింది ఆమెకి. సరిగ్గా తండ్రికి ఆ రోజు లారీలో అనిపించినట్టే. అది తట్టగానే కాళ్ళు ఆగిపోయాయి.

"నాకు ఇద్దరు ఆడపిల్లలు బాబూ," అంది పద్మకుమారి.

ధనరాజ్ అర్థం కానట్టు చూశాడు. పద్మకుమారి కింద కూర్చున్నచోటే కూర్చుని, మొదట్నుంచి మళ్ళీ చెప్పింది. రెండోసారి చెబుతుంటే ఇంకా చిన్నదైపోయింది ఆ కథ. కొడుకులాంటి అల్లుడి ముందు ఆమె ఎక్కడా ఏడవలేదు. చెబుతున్నంతసేపూ కొంగు అంచుని మడతపెడుతూ, విప్పుతూ ఉంది.

అంతా విని ధనరాజ్ బల్ల మీది ఫొటోని దగ్గరికి తీసుకుని చూశాడు. అతను చెడ్డవాడు కాదు. భార్య ఈ ఉద్యోగం కోసం ఎన్ని రాత్రి డ్యూటీలు చేసిందో దగ్గరుండి చూసినవాడు.

"సూడండి అత్తా," అన్నాడు మెల్లగా. "జరిగిపోయింది జరిగిపోయింది. మావయ్య సెప్పినట్టు కాగితాలన్నీ కలిసే ఉన్నాయి. ఇప్పుడు ఇది బయటపెడితే తన పదో క్లాసు నుంచి అన్నీ తప్పవుతాయి. మావయ్య పింఛను కాగితాల దాకా ఎల్తాది. ఉజ్జోగం ఇవ్వడం మాట దేవుడెరుగు, కేసు పెట్టినా పెడతారు. ఈ మాట మన నలుగురిలోనే ఉండిపోతే ఎవరికేటి నష్టం?"

"ఆ పిల్లకి," అంది పద్మకుమారి.

"ఆ పిల్ల లేదు కదా అత్తా."

"లేదు బాబూ. అది పుట్టిందని ఈ భూమ్మీద ఎక్కడైనా రాసి ఉన్నాదంటే ఆ ఆసుపత్రి రికార్డులో ఒక్కచోటే ఉన్నాది. సమాధి లేదు, ఏడాదికోసారి పెట్టే ముద్ద లేదు. ఫొటోకి దండ వెయ్యలేదు నేను, ఇన్నేళ్ళు కళ్ళెదురుగా గోడకి పెట్టుకుని. పేరు దీనికిచ్చేసేను. పుట్టినరోజు దీనికిచ్చేసేను. ఆ మిగిలిన కాగితం కూడా ఇది పట్టుకుపోతే ఇంక దానికేటి మిగుల్తాది?"

పట్టుకుపోతే. ఆ మాట అన్నాక పద్మకుమారికి తెలిసింది ఏమన్నదో. కూతురి వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాని మాట అప్పటికే వచ్చేసింది.

సుహాసినికి తన పుట్టినరోజులు గుర్తొచ్చాయి. ప్రతి ఆగస్టులోనూ పరమాన్నం వండి, తన నోట్లో మొదటి చెంచా పెట్టి, అమ్మ గబగబా పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. పరమాన్నం మాడుతుందేమో చూడ్డానికి అనుకునేది.

"అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు," అంది చివరికి. ధనరాజ్‌తో అంది గాని చూపు నేల మీదే ఉంది. "అది దానిదే. నేను ముట్టుకోను."

"మరి శుక్రవారం ఏటి సెప్తావు?"

"ఉన్నదే సెప్తాను. ఏదవుతాదో అదే అవుతాది."

"నేనొస్తాను," అన్నాడు నరసింగరావు. కుర్చీలోంచి, బొంగురుగా. "ఆఫీసరు ముందు నేను సెప్తాను. నీ తప్పేం లేదని. నేనే సేసేనని."

సుహాసిని ఆయన్ని చూసింది. పొద్దున్న ఎండలో వరండాలో ఎర్రబడిన ఆ మొహం ఏమిటో ఇప్పుడు అర్థమైంది. రెండు వారాలుగా కాదు, తను పుట్టకముందు నుంచీ ఆయన ఆ మొహాన్నే యూనిఫాం వెనక దాచుకుని తిరిగాడు. జాలి పడాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. రెండూ పూర్తిగా రాలేదు.

ధనరాజ్ నిట్టూర్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. ఉన్నదే రాయాలంటే మొత్తం కొత్తగా రాయాలి. ఏది ముందడుగుతారో అదే ముందు రాద్దాం. పుట్టిన ఊరు జైగావ్. పుట్టిన తేదీ?"

సుహాసినికి ఆ ప్రశ్న అప్పటిదాకా తట్టనే లేదు. తల్లి పక్కన, నేల మీద కూర్చుంది.

"అమ్మా, నేనెప్పుడు పుట్టేను?"

పద్మకుమారి నోరు తెరిచింది. తెరిచి, భర్త వైపు చూసింది.

"నేను కొండ మీదున్నాను అప్పుడు," అన్నాడు నరసింగరావు. "దారులు మూసేసేరు. నాకు కబురందేసరికి పిల్ల తల ఎత్తుతంది."

"ఈశ్వరి పిన్ని?"

"జగన్నాధానికి వేరే చోటికి బదిలీ అయింది. వాళ్ళు అప్పటికే ఎల్లిపోయేరు."

"నువ్వు సెప్పమ్మా."

"సలికాలం," అంది పద్మకుమారి. "కిటికీకి గోనెపట్టా కట్టుకున్నాను. మంత్రసాని నేపాలీ ఆవిడ. ఆవిడ భాష నాకు రాదు. మగపిల్లాడో ఆడపిల్లో కూడా సైగ సేసి అడిగేను."

"నెలైనా?"

పద్మకుమారి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలెట్టి, ఆపేసింది. ధనరాజ్ పెన్ను కాగితం మీద పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఆమె కూతురి చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా తన ఒళ్ళోకి తెచ్చుకుంది.

"పెద్దదాని రోజు, పొద్దు, ఘడియ అన్నీ గురుతున్నాయి నాకు," అంది. "నీది నేను సూసుకోలేదమ్మా."